నాలుక కింద మాత్ర

లింగంపల్లి స్టేషన్‌లో ఆ మనిషిని వాసంతి చూడటం అది మూడోసారి.

రోజూ ఎనిమిదింటికి వచ్చి ఆమె తమ్ముడు బుల్లిబాబు పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. జేబులోంచి మాత్ర తీసి ఇస్తాడు. బుల్లిబాబు నోట్లో పెట్టుకుంటాడు. తరువాత పది నిమిషాలు ఇద్దరూ పెదవి విప్పరు. హైటెక్ సిటీ రైలు వచ్చేలోగా ఆ మనిషి బుల్లిబాబు నోరు తెరిపించి చూసి వెళ్ళిపోతాడు.

యాక్సిడెంట్ నొప్పికని మొదలైన మాత్రలు రెండేళ్ళు బుల్లిబాబును వదల్లేదు. ఇక ముట్టనని అక్క చేతిలో చెయ్యేసి నాలుగు నెలలు కాలేదు.

వాసంతి స్తంభం చాటు నుంచి బయటికి వచ్చింది.

"ఏమండీ, ఏమిస్తున్నారు మావాడికి?"

ఆ మనిషి జవాబు చెప్పలేదు. లేవబోతున్న బుల్లిబాబును మోకాలి మీద చెయ్యేసి ఆపాడు. ఆమెకు తన వాచీ చూపించాడు.

"దొరికిపోయాక మాట పడిపోయిందా?"

మళ్ళీ వాచీయే.

ఆమె రైల్వే పోలీసును పిలిచింది. పోలీసు కాలర్ పట్టుకుని లాగుతున్నా ఆ మనిషి బుల్లిబాబునే చూస్తూ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"చూశారా, చెప్పొద్దని బెదిరిస్తున్నాడు!"

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి బుల్లిబాబు నోరు విప్పాడు.

"అది మానిపించే మందక్కా. ఆసుపత్రిలో ఇచ్చిందే."

"మాత్రలు మానడానికి మాత్రలా? ఎవరికి చెబుతావురా?"

అతను ఆసుపత్రి చీటీ చూపించాడు. ఆమె చదవకుండానే చింపి హ్యాండ్‌బ్యాగులో కుక్కేసింది.

మర్నాటి నుంచి తన కార్లోనే ఆఫీసుకి దింపింది. బుల్లిబాబు నాలుగు రోజులు వణికాడు. జ్వరమనుకుంది.

తొమ్మిదో రోజు అతను నిద్ర లేవలేదు. తలగడ కింద ఆ నొప్పి మాత్రల ఖాళీ అట్ట దొరికింది.

కర్మకాండ అయ్యాక చీటీ ముక్కలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు భూలక్ష్మి వాటిని అతికించి చూసింది.

"మందేనమ్మా. నాలుక కింద కరగాలె. మాట్లాడితే లోపలికి పోతది, పని చెయ్యదు. రవీందరన్న రోజూ తెచ్చి దగ్గరుండి ఇచ్చెటోడు. మీరు పట్టించినంక పోలీసులు ఇడిశిపెట్టిన్రు. తొమ్మిది రోజులు ఆ బెంచీ మీదనే ఎదురుజూసిండు."

వాసంతి అడిగింది.

"ఆ రోజు ఆయన నోట్లో కూడా మాత్ర ఉందా? అందుకేనా నాకు జవాబు చెప్పలేదు?"

భూలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"ఆయన మా పాత పేషెంటే గని, మాత్రలు బంద్ జేసి ఆరేండ్లాయె, తను నోరు తెరిస్తే మీ తమ్ముడు గూడ తెరుస్తడని, ఉత్త నోటితోనే అన్నీ పడ్డడమ్మా."