ముప్పావు పళ్లెం

సదానందం సార్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. అక్కడ తిట్టగా మిగిలిన తిట్లు సుబేదారిలోని ఇంటికి తెచ్చుకుంటాడు. షుగరొచ్చాక భార్య స్వరూప ఆయన నిండు పళ్లెం అన్నాన్ని సగానికి తగ్గించింది.

"షుగరు దిగిందట. డాక్టరు అన్నం యాభై శాతం పెంచుమన్నడు," అంటూ ఇవాళ పళ్లెం నిండా వడ్డించబోయింది.

"ఆగే మొద్దూ! యాభై శాతం పెంచితే మల్టిప్లయర్ ఒకటిన్నర. సగాన్ని దాంతోని గుణిస్తే ముప్పావు పళ్లెమే. గ్రోత్ ఫ్యాక్టరంటే ఎరుకేనా నీకు?"

స్వరూప గరిటె వెనక్కి తీసింది. ఆయన ఆఖరి మెతుకు దాకా ఊడ్చి, చెయ్యి కడిగాక నోరు తెరిచింది.

"తగ్గించిన సగం మళ్ల కలుపుమన్నడు డాక్టరు. నిండు పళ్లెమన్నట్టు. నాకు మీ లెక్కల భాష రాకపాయె, యాభై శాతమన్న. ఫికర్ చెయ్యకున్రి సారూ, ఇగ రోజూ మీ లెక్కే."