దీక్ష పక్కన కారు

జనగామ చౌరస్తాలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. ఆ రోజు దీక్షలో ఉన్న సారంగపాణి మెడలో దండతోనే లేచి, టెంటు పక్కన నిలిపిన తన కారు దగ్గరికి వచ్చాడు. దీక్షకు కూర్చున్నప్పుడల్లా మధ్యాహ్నం ఫోన్ మాట్లాడాలంటూ అందులో దూరడం ఆయనకు అలవాటు. ఇవాళ ఏసీ మొరాయించింది. మెకానిక్ పీరాకు కబురు వెళ్లింది.

"టర్బో బండి పీరా. ఇంజన్ వేడికి ఏసీ పనిచేస్తలేదు."

పీరా బానెట్ లేపి చూశాడు. "టర్బోను ఎందుకు బద్నాం జేస్తవన్నా? గ్యాసున్నది, ఫ్యాన్ తిరుగుతున్నది. గాలే వస్తలేదు. లోపల ఫిల్టర్ జామైనట్టున్నది."

ముందు సీటు ఎదుట సామాన్లు పెట్టుకునే డబ్బా ఊడదీయబోతే సారంగపాణి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గా డబ్బా ముట్టకు!"

అప్పటికే డబ్బా చేతికొచ్చింది. దాని వెనక ఫిల్టర్ మీద ఎలుక గూడు. గూట్లో మిర్చి బజ్జీల కాగితం ముక్కలు, కోడి ఎముకలు.

టెంట్లోంచి "జై తెలంగాణ" అని కేక లేచింది. సారంగపాణి అలవాటుగా పిడికిలెత్తి, గబుక్కున దించేశాడు.

"పీరా, నీ కాల్మొక్త. ఎవ్వలకు చెప్పకు. ఇజ్జత్ పోతది."

పీరా ఫిల్టర్ దులిపి బిగించాడు. చల్లగాలి రివ్వున కొట్టింది. అప్పుడు తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"నేనెందుకు చెప్తనన్నా? రేపు దీక్షల కూసునేది నేనే. కారు గీడనే ఉంచి తాళం నాకియ్యి. డబ్బా మాత్రం ఖాళీగ పెట్టకు."