తుంగకు తెగులు

“నలభై ఏళ్లుగా తెగుళ్లను తరిమికొడుతున్న ఇంటికి తెగులునే వెంటబెట్టుకుని కాపురానికి వచ్చావా, తల్లీ?”

మామగారు కోడలు తెచ్చిన సీసాల్లో ఒకదాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు. లోపల ఉడికించిన బియ్యం మీద బూడిదరంగు బూజు దట్టంగా అల్లుకుని ఉంది.

“తెగులే, మామయ్యా. కానీ తుంగకు తప్ప దేనికీ సోకదు,” అంది కొత్త కోడలు. చదువుకునే రోజుల్లో రెండేళ్లు ఆ బూజు వెంటే తిరిగిన మనిషి. “మీ కలుపు మందు నిరుడు తుంగతో పాటు రెండు సాళ్ల టమాటానీ మాడ్చిందటగా?”

ఆ సంగతి చేరవేసిన కొడుకు వైపు ఆయన గుర్రుగా చూశారు. చివరికి బూజు చల్లి చూడమని తుంగ మొలిచిన ఒక మడి ఇచ్చారు. పదో రోజుకీ తుంగ పచ్చగా ఉంటే సీసాలన్నీ పెంటకుప్పలోకి పోవాలి, ఆ ఊసు మళ్లీ ఎత్తకూడదు. ఒకసారి చల్లాక అప్పటిదాకా మొగుడూ పెళ్లాలిద్దరూ మడి దరిదాపులకు రాకూడదు. చాటుగా తుంగ పీకేస్తారని ఆయన అనుమానం. కాపలా తనే కాస్తానన్నారు. కోడలు క్షణం ఆలోచించకుండా సరేనంది.

ఆ సాయంత్రం చల్లబడ్డాక ఇద్దరూ బూజు కలిపిన నీళ్లు చల్లారు. భర్త ట్యాంకు వీపుకెత్తుకుని సగం తుంగ మీద, సగం ఆమె చీర మీద కొట్టాడు. ఇది మనుషులకు సోకదు కదా అని అడిగితే, మీకు పెళ్లినాడే సోకింది పొమ్మని నవ్వింది.

పదో రోజు ఉదయం ముగ్గురూ మడి దగ్గరికి వెళ్లారు. తుంగ కొత్త ఆకులతో నిగనిగలాడుతోంది. పోనీలే, ఇంటికి పోదాం అని భర్త గొణిగాడు.

ఆమె వెళ్లలేదు. మడిలోకి దిగి అడుగునున్న ఒక ఆకును వేలితో తుడిచింది. నీలిపొడి అంటుకుంది. ఆ వేలిని తెచ్చి మామగారి కళ్లముందు పెట్టింది.

“ఇది తెగులు మందు. నా బూజును చంపేసింది. కాపలా మీది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. నేను ఓడిపోలేదు, సీసాలు పారేయను. నాకు ఇంకో మడి కావాలి.”

భర్త కొంగు పట్టి లాగాడు. ఆమె వేలు దించలేదు.

మామగారు ఆ నీలిమరక వైపు చూసి తల వంచుకున్నారు.

“మోసం చేద్దామని కాదు, తల్లీ. నాలుగో రోజు వచ్చి చూస్తే ఆకుల నిండా మచ్చలు. మందు ట్యాంకు ఖాళీ చేశాక గానీ అది తుంగ అని గుర్తురాలేదు.”