గులాబీ రాణి అరెస్టు

"ఆ కిరీటం తీసి కింద పెట్టు," అన్నాడు కానిస్టేబుల్ హోల్డర్.

ఫిలిబేర్ తీయలేదు. తీయమనగానే తీయడానికి అదేం టోపీ కాదు. ఆగస్టు నెలాఖర్న సెయింట్ రోజ్ పండగనాడు గులాబీ సంఘం రాజు పెట్టుకునే కిరీటం. బిస్కెట్ డబ్బా రేకుతో చేసిందే అయినా కిరీటం కిరీటమే. రాజు పక్కన ఎర్ర పావడాలో రాణి యూడాక్సీ. వాళ్ళ వెనక తలో వేషంలో యువరాజులు, జడ్జి, డాక్టరు, నర్సులు, చెక్క కత్తుల సిపాయిలు, ఫిడేలువాడు. చర్చిలో పూజ ముగించుకుని, పాడుకుంటూ సంఘం హాలుకి వెళ్తున్న వాళ్ళకి కాస్ట్రీస్ ఊరి నడిబజార్లో ఈ పోలీసు అడ్డంపడ్డాడు.

"ఎందుకు తీయాలి బాబూ?" అన్నాడు ఫిలిబేర్.

"లండన్లో జార్జి రాజుగారు ఉండగా నువ్వెవడివి ఇంకో రాజువి? ఇది రాజద్రోహం."

"ఆయన రాజ్యానికి నేనేం అడ్డురాను. నాది ఈ సాయంత్రం దాకానే. రేపు పొద్దున్నే మళ్ళీ పీపాలు బిగించుకోవాలి."

హోల్డర్ బార్బడోస్ నుంచి వచ్చి ఓడ దిగి పట్టుమని నెల కాలేదు. సెయింట్ లూసియా దీవిలో పుట్టినవాడు గులాబీ అయినా అవుతాడు, దాని పోటీ పూల సంఘం మార్గరీట్ అయినా అవుతాడు, మూడోది ఉండదని పాపం అతనికెవరూ చెప్పలేదు. ఎదురు మేడ వసారాలో అప్పటికే మార్గరీట్ సంఘం ఆడవాళ్ళు గుమిగూడారు. వాళ్ళ పండగ అక్టోబర్లో. అందాకా వాళ్ళకున్న ముఖ్యమైన పని గులాబీలని చూసి నవ్వడం.

"ఏమే యూడాక్సీ, జైలుకి కూడా పావడా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునే వెళ్తావా?" అని పైనుంచి ఒకావిడ కేక వేసింది.

యూడాక్సీ మొహం కందిపోయింది. రేవులో ఓడలకి బొగ్గు గంపలు మోసే మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఆశపడితే ఈ ఏడు రాణిని చేశారు. పావడా తనే కుట్టుకుంది. ఈ ఊరేగింపు ఇక్కడే ఆగిపోతే మళ్ళీ పండగ దాకా రేవులో ఆవిణ్ణి బతకనివ్వరు.

అప్పుడు మాథురిన్ ముందుకొచ్చాడు. అతను గులాబీ సంఘం పోలీసు. అట్టతో చేసిన బెల్టు సవరించుకుని హోల్డర్ భుజం మీద చెయ్యేశాడు.

"రాణిగారి ముందు టోపీ తీయకుండా నిలబడ్డావు. నిన్ను అరెస్టు చేస్తున్నా."

"నువ్వు? నన్ను?"

"చట్టం ఎవరికైనా ఒకటేనయ్యా. జడ్జిగారూ, మీరే చూశారుగా?"

చేపలమ్ముకునే జడ్జిగారు దూదితో చేసిన విగ్గు సర్దుకున్నాడు. "చూశాను. ఒక పాట శిక్ష. సిగ్గుపడితే రెండు."

బజారంతా ఘొల్లుమంది. హోల్డర్‌కి చెవులు ఎర్రబడ్డాయి. ఈల తీసి గట్టిగా ఊదాడు.

స్టేషను ఆ వీధి మలుపులోనే ఉంది. ఈల విని ఇన్స్పెక్టర్ పెంబర్టన్ దొర స్వయంగా నడిచి వచ్చాడు. ఉద్యోగమంతా ఈ దీవిలోనే చేసి తల నెరిసిన మనిషి. ఆయన్ని చూడగానే ఫిడేలు ఆగిపోయింది, నవ్వులూ ఆగిపోయాయి.

"సార్, వీళ్ళకి వేరే రాజున్నాడు, వేరే జడ్జి, వేరే పోలీసు. ఇది తిరుగుబాటు సార్," అన్నాడు హోల్డర్ సెల్యూట్ కొట్టి.

దొర ముందు కిరీటం వంక చూశాడు. "బిస్కెట్ డబ్బా. కనీసం తుప్పయినా గీకలేదు." ఫిలిబేర్ తల దించుకున్నాడు. దొర యూడాక్సీ వైపు తిరిగాడు. "ఇంత ఎరుపు ఒక్కచోట చూస్తే నాకు తలనొప్పి. ఇక ఆ పాటల సాధనంటావా, నెలల తరబడి శనివారం వస్తే చాలు, మా కిటికీలోంచి ఒకటే గోల. ఒక్క గొంతూ శ్రుతిలో ఉండి చావదు."

"అందుకే సంకెళ్ళు తెచ్చాను సార్," అన్నాడు హోల్డర్ సంబరంగా.

యూడాక్సీ ఇక ఉండబట్టలేకపోయింది. "దొరగారూ, నన్ను రేపు పట్టుకెళ్ళండి, కాదనను. ఈ ఒక్క పూట హాలు దాకా నడవనివ్వండి. రేపట్నించీ నా నెత్తిన ఎలాగూ బొగ్గు గంపే కదా."

దొర హోల్డర్ వైపు తిరిగాడు.

"హోల్డర్, టోపీ తియ్యి."

"సార్?"

"రాణిగారికి దారి వదులు. శిక్ష పడిందన్నారుగా, వెళ్ళి ఆ పాటేదో పాడేసి రా."

ఫిడేలు మళ్ళీ అందుకుంది. యూడాక్సీ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మేడ కిందనుంచే మహా దర్జాగా నడిచింది. మాథురిన్ ఖైదీని మర్యాదగా చెయ్యి పట్టుకుని హాలుకి తీసుకెళ్ళాడు. హోల్డర్ తనకొచ్చిన ఒకే ఒక్క చర్చి పాట పాడాడు. గులాబీలు వంత పాడి దాన్ని ఎలాగో ఒడ్డున పడేశారు. వద్దంటున్నా చేతిలో ఓ రమ్ము గ్లాసు పెట్టి మరీ పంపారు.

చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు హోల్డర్. దొర ఇంకా అక్కడే నిలబడి, ఊరేగింపు వెళ్ళిన వైపే చూస్తున్నాడు.

"సార్, వాళ్ళ కిరీటం మీకు నచ్చలేదు. రంగు నచ్చలేదు. పాట అసలే నచ్చలేదు. మరెందుకు సార్ వదిలేశారు?"

పెంబర్టన్ దొర అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"వెర్రివాడా, వాళ్ళ పండగ ఇక్కడే ఆపేస్తే, అక్టోబర్లో మేం మార్గరీట్ వాళ్ళం ఎవరికంటే బాగా చేశామని చెప్పుకోవాలి?"