భుజానికెక్కిన పాటలు

పేరుకే అది వైర్‌లెస్ స్పీకర్. ఫోన్‌కి వైరు అక్కర్లేదు గానీ, గోడకున్న ప్లగ్గు వదిలి బెత్తెడు దూరం కదలదు.

దాని పక్కన కుర్చీ వేసుకున్న మామగారూ అంతే.

కాలి ఆపరేషన్ తర్వాత నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆయన మాత్రం పోయిన భార్యకి ఇష్టమైన పాత పాటలు పెట్టుకుని, ఆ మూలే లోకంగా కూర్చునేవారు.

"వీధి చివరిదాకా వెళ్లొద్దాం మామయ్యా, లేవండి," అని కోడలు రోజూ బతిమాలేది.

"ఈ పాట అవనీ అమ్మా."

ఆ పాట అయితే ఇంకో పాట. ఒకరోజు ఆమె స్పీకర్‌కి పవర్ బ్యాంక్ తగిలించి చూసింది. అది కిక్కురుమనలేదు.

ఆ సాయంత్రమే పక్క పోర్షన్ ఆయన తలుపు తట్టాడు. ఎదురుపడితే తల ఊపడమే తప్ప నోరు విప్పని మనిషి. ఆయన భార్యనైతే బయట చూసినవాళ్లే లేరు.

"మీ పాటలు మా గదిలోకి వినిపిస్తున్నాయి," అన్నాడు.

కోడలికి చురుక్కుమంది. సౌండ్ తగ్గిస్తాంలెండి అంది ముక్తసరిగా.

ఆయన ఏదో చెప్పబోయి, కుర్చీలో చాపి ఉన్న మామగారి కాలు చూసి ఆగిపోయాడు.

"తగ్గించకండి. అది నాకివ్వండి, బ్యాటరీతో నడిచేలా చేసిస్తాను. ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు."

పాటల్ని తన గోడ దగ్గర్నుంచి తరిమెయ్యడానికి ఎంత మర్యాదైన ఉపాయం అనుకుంది కోడలు. తమకీ పనికొచ్చేదే గనక ఇచ్చేసింది.

పాత లాప్‌టాప్ బ్యాటరీలోని మంచి సెల్స్ మూడు కలిపి, చిన్న డబ్బాలో పెట్టి స్పీకర్ వెనక బిగించుకొచ్చాడు. దీనికి పన్నెండు వోల్టులు కావాలి, పవర్ బ్యాంక్ బలం చాలదన్నాడు. మామగారి చేతిలో కర్ర ఉంటుంది గదా అని, భుజాన వేసుకోవడానికి పట్టీ కూడా పెట్టాడు. ఎర్రటి పట్టీ, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగుది.

మామగారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. మొదట గేటు దాకా, తర్వాత వీధి చివరిదాకా. పాటల బండి వస్తోందని వీధివాళ్లు ఆటపట్టించేవారు. ఇంటికొచ్చినా ఆ మూలకి పోకుండా పెరట్లోనే తిరిగేవారు. ఒకరోజు కర్ర మర్చిపోయి వెళ్లారు.

వాకిట్లో ఉండిపోయిన కర్రని చూసి కోడలి కళ్లు చెమర్చాయి. ఎందుకు చేస్తేనేం, పక్క పోర్షన్ ఆయన తమ ఇంటికి ఎంతో మేలు చేశాడు. ఆ మాట చెప్పాలని ఆయన గుమ్మం దాకా వెళ్లింది.

లోపల్నుంచి పాట వినిపించింది. శ్రుతీ లయా లేని బొంగురు గొంతు. ఆమె నవ్వాపుకోలేక వెనక్కి వచ్చేసింది. ఇక రోజూ అదే వేళకి ఆ గొంతు, ఇంట్లో అదే వేళాకోళం.

"మన పాటల్ని వెళ్లగొట్టింది ఇందుకన్నమాట," అనేది.

కొన్నాళ్లకి ఆ పోర్షన్‌కి తాళం పడింది. కూతురి దగ్గరికి వెళ్లిపోయారట. చెప్పాల్సిన మాట ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇంటి ఓనరమ్మ ఆ గది కడిగిస్తుంటే కోడలు తొంగిచూసింది. సరిగ్గా తమ స్పీకర్ ప్లగ్గున్న గోడకి ఇటువైపు, నేలమీద మంచంకోళ్ల గుర్తులు.

"ఇంత గది ఉండగా మంచం గోడకి అతికించి వేశారేంటండీ?"

"ఆయన భార్యే వేయించుకుంది. మంచం దిగలేదు పాపం. మీ పాటలు వినిపిస్తేనే నాలుగు ముద్దలు తినేది. ఇంకాస్త గట్టిగా పెట్టమని అడగడానికే ఆయన మీ ఇంటికొచ్చాడట. మీ మామగారి కాలు చూశాక, ఆయన్నింకా ఆ మూలకే కట్టెయ్యడానికి నోరు రాలేదన్నాడు."

కోడలు లోపలికి వెళ్లి ఆ గోడకి చెయ్యి ఆనించింది.

"మరి... పాటలు బయటికి వెళ్లిపోయాక?"

"ఇంకేం చేస్తాడమ్మా, పాడటం రాకపోయినా ముద్ద ముద్దకీ తనే పాడి తినిపించాడు."