చెల్లెలికి మార్కులు

ఆ దసరా సెలవుల్లో ఏ ఇంట్లో చూసినా చనిపోయినవాళ్లు ఆటలాడుతున్నారు. వాళ్ల పాత వీడియోలు ఓ నాలుగు, గేమ్ పెట్టెకి చూపిస్తే చాలు, టీవీలో ఎదురుగా వచ్చి కూర్చుంటారు. సెలవులయ్యేలోగా ఇంట్లోవాళ్లు వాళ్లకి పదికి మార్కులు వెయ్యాలి. ఐదు దాటకపోతే కంపెనీ ఆ మనిషిని చెరిపేస్తుంది.

మంగతాయారు సెలవులన్నీ చెల్లెలు రత్నంతో అష్టాచెమ్మా ఆడింది. రత్నం ఓడిపోతూ నెమ్మదిగా నవ్వేది.

“ఇది మా రత్నం కాదే నీరజా,” అంది ఆఖరి రోజున కోడలితో. “అది తొండి లేకుండా ఒక్కాట ఆడి చావలేదు.”

“మరింకేం, మూడు వేసెయ్యండత్తయ్యా. పీడా పోతుంది.”

మంగతాయారు రిమోట్ అందుకుంది. తెరమీద రత్నం ఆ మాటలు విన్నట్టుంది, అక్క చేతినే చూసింది. తర్వాత గవ్వలు వేసి, వెల్లకిలా పడ్డ ఒకదాన్ని గోటితో బోర్లించింది.

“అష్టా!”

“తొండి! నేను చూశానే!”

“నీ మీదొట్టక్కా, అలాగే పడింది.”

అదే మాట, అదే దొంగ నవ్వు. కానీ ఆ నవ్వు వెనక బెదురుంది. ఆస్పత్రిలో ఆఖరిసారి రత్నం అలాగే నవ్వింది. అప్పుడు మంగతాయారు చేతిలో ఏమీ లేదు.

ఆమె పది నొక్కింది.