సూది కింద చీటీ

"కందిరీగలా ఉంది గానీ ఈగే ఆంటీ. రెక్కల గీతలు చూస్తే చాలా రేర్ ఫ్యామిలీ. మీ అబ్బాయి దీపక్ చెప్పింది కరెక్టే," అంది మ్యూజియం ఉద్యోగి కీర్తిక, మైక్రోస్కోపు నుంచి తలెత్తి.

వైటూకే రోజుల కంప్యూటర్ పనిలో సెలవు దొరికిన ప్రతి ఆదివారమూ దీపక్ సింగపూర్‌లోని బుకిట్ బటోక్ నుంచి మలేషియా దాకా తిరిగి పట్టి, సూదులకు గుచ్చిపెట్టిన ఈగలవి. అతను చనిపోయి ఏడాదైంది.

"సింగపూర్‌లో మొదట పట్టింది మావాడేనని రాస్తారా?" అని అడిగింది తల్లి బాలనాగమ్మ.

"ఎక్కడ పట్టాడో సూదికి గుచ్చిన చీటీ ఉంటే రాస్తాం. ఒక్కదానికీ లేదేం ఆంటీ?"

"బూజు పడుతోందని తీసి దాచాను. వాడి చేతిరాత కదమ్మా."

ఆమె బిస్కెట్ డబ్బా తెరిచింది. నిండా చీటీలు.

కీర్తిక రెండు చదివింది. ఒకటి బుకిట్ బటోక్, ఒకటి మలేషియా.

"ఏది దేనిదో ఎలా తెలుస్తుంది?"

"వాడికి తెలుసు," అంది బాలనాగమ్మ.